నూతి నీళ్లతో చల్లబడిన ఇల్లు

"అంకుల్, గ్రౌండ్ లూపుల్లో కౌన్సా బెస్టు?"

అండమాన్‌లో, షాదీపూర్‌లోని మా ఇంటికొచ్చే ఏసీ కోర్సు పిల్లలు ఏది మంచిదని తరచూ అడిగే ప్రశ్న ఇది. అడ్డంగా పాతేదా, నిలువుగా దింపేదా, చుట్టలు చుట్టి పరిచేదా, చెరువులో ముంచేదా, నూతి నీళ్లు తోడేదా? ఫోన్లో బొమ్మలు చూసి వస్తారు. ఆ బొమ్మల్లో ఇల్లు ఉంటుంది, ఇంటి ముందు పచ్చగడ్డి ఉంటుంది, గడ్డి కింద ఎర్ర పైపు, నీలం పైపు ఉంటాయి. పక్కింటివాళ్లు మాత్రం ఏ బొమ్మలోనూ ఉండరు. అందుకే ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల మీద కాదు, వాళ్లకి ఆ బొమ్మలు అంటగట్టినవాళ్ల మీద.

నేను ఈ చల్లబరిచే పనిలోనే తల నెరిపించుకున్నాను. ఐసు ఫ్యాక్టరీ, చేపల కోల్డ్ స్టోరేజీ, ఆఫీసుల ఏసీలు, చివర్లో ఈ భూమిలో పైపుల పని. ఏ హోదాలో చేరాను, ఏ హోదాలో దిగాను అన్నది మీకు అనవసరం. ఒక్క ఇంటి సంగతి రాస్తాను. తుష్నాబాద్‌లో ఒకే ఇంటికి మా కంపెనీ మూడు రకాల లూపులు వేసింది. మూడూ చెడ్డాయి. మూడోది పోతూ పోతూ మా అక్క తాగే నూతిని కూడా పట్టుకుపోయింది. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా.

పైపు చేసే పని ఇంతే

ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపలి వేడిని తీసి వెనక పారబోస్తోందన్నమాట. ఏసీ చేసేదీ అదే. గదిలో వేడిని తీసుకెళ్లి బయట గాలిలో పారబోస్తుంది. గ్రౌండ్ లూపు ఉన్న ఏసీ ఆ వేడిని గాలికి బదులు భూమిలో పారబోస్తుంది. పైపులో నీళ్లు తిరుగుతాయి. ఇంటి దగ్గర వేడెక్కుతాయి, మట్టిలో చల్లబడి మళ్లీ వస్తాయి. దీనికి మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మన దీవులకి ఇది పనికొచ్చే ఆలోచనే. ఉప్పుగాలికి ఇంటి బయట పెట్టిన ఏసీ డబ్బా ఎలా తుప్పు పట్టిపోతుందో ఇక్కడ పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. రేకు వేలితో పొడిస్తే ఊడొస్తుంది. పైపు మట్టిలో ఉంటే ఆ బెడద లేదు. ఓడలో వచ్చే డీజిలుతో కరెంటు చేసుకునే చోట కాస్త కరెంటు మిగిలినా మంచిదే. అందుకే మొదట ఈ పని మీద నాకు ఆశ ఉండేది. ఆశ ఉంది కాబట్టే ఇంత కోపం.

కంపెనీలు చెప్పని మాట ఒకటుంది. చలి దేశాల్లో ఎండాకాలం ఇంటి వేడి భూమిలోకి వెళ్తుంది, చలికాలం అదే వేడిని పైపు మళ్లీ ఇంట్లోకి తెస్తుంది. భూమి పుచ్చుకుంటుంది, తిరిగిస్తుంది. మనకి చలికాలం ఎక్కడేడిసింది? ఏడాది పొడుగునా మట్టిలోకి వేడి కుక్కడమే. పైగా మన మట్టి మొదటిరోజే గోరువెచ్చగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ పైపు అక్కడికంటే బాగా పొడుగుండాలి, మట్టిలో తడి ఉండాలి, పైపులు ఎడంగా ఉండాలి. ఈ మూడూ ఖర్చే. ఖర్చు అనగానే పెద్దసార్లకి చెవులు మూసుకుపోతాయి.

ఓడ దిగిన మనిషి

ఇల్లు కట్టుకున్నాయన పేరు అప్పలరాజు గారు. వాళ్ల నాన్న సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడే పడవల పనిలో స్థిరపడ్డాడు. ఈయన సరుకు ఓడల్లో ఇంజనీరుగా తిరిగి తిరిగి రిటైరై, తుష్నాబాద్‌లో వక్కతోట ఉన్న స్థలం కొని మంచి ఇల్లు కట్టాడు. మా అక్క మరియమ్మ ఇల్లు ఆ తోటకి ఆనుకునే ఉంటుంది.

ఆయనకి రెండే కోరికలు. ఇల్లు చల్లగా ఉండాలి, చప్పుడు ఉండకూడదు.

"శామ్యూల్, నా బతుకంతా ఇంజిన్ రూములో ఉడికిపోయేను. చెవులు సగం పోనాయి. ఇప్పుడు నా ఇంట్లో నాకు గడియారం చప్పుడు ఇనబడాల. అంతే బాబూ" అన్నాడు నాతో మొదటిరోజే.

మంచి మనిషి. అది రాయకపోతే అన్యాయం. ఇల్లు కట్టిన కూలీలకి తనే చేపల పులుసు వండి పెట్టేవాడు. ఆ తోటలో, ఆయన హద్దు లోపలే, మా నాన్నా ఇంకొందరూ కలిసి తవ్విన నుయ్యి ఉంది. పాత యజమాని ఎన్నడూ ఎవర్నీ వద్దనలేదు. అప్పలరాజు గారు కూడా కొన్న వారమే చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి, "నుయ్యి మీదే, ఎప్పట్లాగే తోడుకోండి" అని చెప్పొచ్చాడు. మా అక్క ఆయన్ని ఆరోజు నోరారా దీవించింది.

ఇక మా మేనేజరు బక్షీ సాబ్. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చాడు. చలువ చొక్కా, చేతిలో ఎప్పుడూ కెమెరా. ఆయనకి ఇల్లు కాదు కావలసింది, ఇంటి ఫొటో. "అండమాన్ కా పహలా గ్రౌండ్ కూల్డ్ హోమ్" అని, అండమాన్‌లో భూమితో చల్లబడే మొదటి ఇల్లని, బోర్డు ముందే రాయించి పెట్టాడు. పని మొదలుకాక ముందే పేరు రాయించుకున్నవాడితో జాగ్రత్తగా ఉండండి.

కందకాలు

మొదట వేసింది అడ్డం లూపు. ఛాతీ లోతున పొడుగ్గా కందకాలు తవ్వి పైపు పరిచి పూడ్చేస్తారు. స్థలం ఉన్నవాళ్లకి ఇది సులువు. స్థలం చాలకపోతే అదే పైపుని చుట్టలు చుట్టలుగా, ఒకదాని మీద ఒకటి వాలేలా పరుస్తారు. చుట్టల లూపంటే అదే. కందకం తగ్గుతుంది గానీ పైపు తగ్గదు. చుట్టలు మరీ దగ్గరైతే ఒకదాని వేడి ఒకటి తాగుతూ కూర్చుంటాయి.

వక్కచెట్లు కొట్టడానికి అప్పలరాజు గారు ఒప్పుకోలేదు, నేను కూడా ఒప్పుకోను. కాబట్టి చుట్టలే వేద్దామన్నారు. నేను బక్షీ సాబ్‌కి చెప్పాను. "సాబ్, ఈ మట్టి జిగట మట్టి. వానల్లో ముద్దలా ఉంటుంది. ఫిబ్రవరి దాటితే బీటలిస్తుంది. బీటలిస్తే పైపుకీ మట్టికీ మధ్య ఖాళీ వస్తుంది. వేడి దాటదు. పైపు చుట్టూ మెత్తటి మట్టి కూరాలి, ఎండల్లో తడపడానికి ఏర్పాటు చెయ్యాలి, చుట్టలు ఎడంగా పరవాలి."

"అరే శామ్యూల్ భాయ్, ఆప్ బహుత్ డర్తే హో" అన్నాడు. నేను భయస్తుణ్ణట!

వానల్లో తవ్వారు. వానల్లో పూడ్చారు. వానల్లోనే పరీక్ష చేశారు. తడి మట్టి, బయట చల్లటి గాలి, ఇల్లు వెన్నలా ఉంది. ఫొటోలు దిగారు. పై ఆఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. మన దగ్గర వానాకాలంలో ఏ లూపైనా పనిచేస్తుంది. లూపు లేకపోయినా పనిచేస్తుంది. ఎండల్లో పరీక్ష చేయని యంత్రాన్ని ఈ దీవుల్లో ఎవరికీ అప్పజెప్పకండి.

ఫిబ్రవరి చివర్లో కందకాల మీద మట్టి బీటలిచ్చింది. చెయ్యి దూరేటంత బీటలు. పైపులోంచి నీళ్లు ఎంత వేడిగా వెళ్లాయో అంత వేడిగా తిరిగొచ్చేవి. ఇల్లు ఉక్కపోత. బక్షీ సాబ్ వచ్చి చూసి మా ఫిట్టర్ల మీద ఎగిరాడు. "జాయింట్లు సరిగా వెయ్యలేదు మీరు" అన్నాడు. జాయింట్లు నేనే దగ్గరుండి వేయించాను, చుక్క కారలేదు. మట్టి తప్పుకి మనుషుల్ని తిట్టాడు. అక్కడే నాకు ఆ మనిషి మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది.

"చెరువులో ముంచుదామా?" అన్నాడు తర్వాత. చెరువు లూపు మంచిదే, చెరువులో ఎప్పుడూ నీళ్లుంటే. అప్పలరాజు గారి తోట దిగువన ఉన్న కుంటలో ఏప్రిల్ వచ్చేసరికి బాతులు ఈదడం మానేసి నడుస్తాయి. ఆ మాటే చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు.

బోరు

తర్వాత నిలువు లూపు. భూమిలోకి లోతుగా బోరు వేసి, అందులో పైపుని దింపి, కిందినుంచి మళ్లీ పైకి తెస్తారు. లోతున తడి ఉంటుంది, బీటలుండవు, స్థలం అక్కర్లేదు. నా మటుకు నేను మన ఊళ్లకి దీన్నే నమ్ముతాను. అయితే బోరుకీ పైపుకీ మధ్య ఖాళీని అడుగునుంచి పైదాకా దానికని చేసిన ముద్దతో నింపాలి. నింపకపోతే పైపు గాలిలో వేలాడినట్టే. ఒక ఇంటికి ఒక బోరు చాలదు, ఎడంగా కొన్ని కావాలి.

బోరు బండి ఓడ మీద రావాలి. వచ్చింది. తుష్నాబాద్ కింద రాయి పలకలు పలకలుగా ఉంటుంది. సగం లోతు వెళ్లాక బోరు గోడ విరిగి పడింది. గొట్టం వేసి నిలబెట్టాలి. గొట్టం తేలేదు. ముద్ద తేలేదు. బక్షీ సాబ్ తవ్వి తీసిన మట్టీ రాళ్లూ దాంట్లోనే తిరిగి పోయించాడు. నేను అడ్డు నిలబడ్డాను.

"ఇది బోరు కాదు సాబ్, గొయ్యి. ఇంకో రెండైనా వెయ్యాలి, సరిగ్గా నింపాలి. లేకపోతే మానెయ్యండి."

"బండి రేపు వెనక్కి వెళ్లిపోవాలి. జో హై, ఉసీ మే కామ్ చలావో."

ఉన్నదాంతో కానిచ్చెయ్యాలట. వంటింట్లో చెల్లుతుంది ఆ మాట. భూమిలో చెల్లదు. ఆ ఒక్క సగం బోరుతో ఇంటికి ఒక గది కూడా చల్లబడలేదు. నేను పై ఆఫీసుకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. దానికి ఫలితం ఏమిటంటే, ఆ వారమే నన్ను రంగత్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ మరమ్మతుకి పంపేశారు. అడ్డొచ్చేవాణ్ణి పక్కకి తప్పించడం మాత్రం బక్షీ సాబ్‌కి చక్కగా వచ్చు.

వెదురు కింద మోటారు

నేను వెళ్లిపోయాక నూతిలో మోటారు దింపారు.

దీన్ని ఓపెన్ లూపు అంటారు. పైపుల్లో నీళ్లు తిప్పడం కాదు, నేరుగా నూతి నీళ్లే తోడి, ఇంటి వేడిని వాటికిచ్చి, వదిలెయ్యడం. అన్నిటికంటే సులువు, అన్నిటికంటే బాగా చల్లబరుస్తుంది, అన్నిటికంటే ప్రమాదం. దీనికి రెండో నుయ్యి ఉండాలి. ఒకదాంట్లో తోడిన ప్రతి చుక్కా రెండోదాంట్లోకి దిగి మళ్లీ భూమిలో కలవాలి. రెండో నుయ్యి లేని ఓపెన్ లూపు వేసేవాడు దొంగ. నేను మెత్తగా చెప్పలేను. దొంగే.

బక్షీ సాబ్ రెండో నుయ్యి తవ్వించలేదు. వాడిన నీళ్లని గొట్టంతో తోట వెనక నాలాలోకి వదిలాడు. నాలా పోయి క్రీకులో, అంటే సముద్రపు ఉప్పునీటి పాయలో, కలుస్తుంది. ఈ పద్ధతి చూసి అప్పలరాజు గారు ఎగిరి గంతేశాడట. ఎందుకెయ్యడు? ఓడలో ఇంజిన్ చల్లబడేది ఇలాగే. ఒక పక్క సముద్రం నీళ్లు లోపలికి వస్తాయి, ఇంజిన్ వేడి పట్టుకుని ఇంకో పక్క సముద్రంలోకే పోతాయి. జీవితమంతా ఆయన చూసింది అదే. కింద నీళ్లకి అంతుండదని ఆయన చేతులకి అలవాటైపోయింది. పద్ధతి తనకి తెలిసిందే కాబట్టి నుయ్యి ఎంతో, ఊట ఎంతో ఆయన అడగలేదు. బక్షీ సాబ్ చెప్పలేదు.

ఆ నూతికి ఒక కట్టుబాటు ఉంది. మా నాన్నల కాలంలో పెట్టుకున్నది. ఎండలు ముదిరాక పొద్దున తోడుకోవడం అయిపోగానే నూతి మీద ఒక వెదురు బొంగు అడ్డంగా పెడతారు. వెదురు ఉన్నంతసేపూ ఎవరూ బాల్చీ వెయ్యరు. నుయ్యి పడుకుందంటారు. మధ్యాహ్నమంతా ఊట ఊరుతుంది. సాయంత్రం వెదురు తీసి మళ్లీ తోడుకుంటారు. ఇంటికొచ్చిన చుట్టానికి నీళ్లు చాలకపోయినా, స్నానం ఆగిపోయినా సరే, వెదురు తీసే మాట ఉండదు. హిందువుల ఇళ్లున్నాయి, మా క్రైస్తవుల ఇళ్లున్నాయి, బెంగాలీ ఇల్లొకటుంది. ఒక్కరూ ఆ వెదురుని దాటింది నాకు తెలీదు.

ఇప్పుడు ఆలోచించండి. ఇల్లు చల్లబరచాల్సింది ఎప్పుడు? మిట్టమధ్యాహ్నం. నుయ్యి పడుకునేదెప్పుడు? అదే వేళ. వెదురు పైన ఉంది. మోటారు కింద ఉంది. నీళ్లలో మునిగిన మోటారు చప్పుడు చెయ్యదు. గొట్టం మట్టిలో పూడ్చారు. మోటారు పొద్దునపూట ఇంటి ట్యాంకుకి నీళ్లెక్కించడానికేనని చుట్టుపక్కలవాళ్లకి చెప్పారు. బక్షీ సాబ్ ఊట చూసుకున్నది కూడా సాయంత్రం, వెదురు తీసే ముందు, నుయ్యి నిండుగా ఉన్నప్పుడు. "పానీ తో భర్‌పూర్ హై" అని, నీళ్లు దండిగా ఉన్నాయని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏ ఇంటి ఆడకూతురైనా చెప్పేది.

గుడ్ ఫ్రైడే

గుడ్ ఫ్రైడేకి సెలవు పెట్టి రంగత్ నుంచి బయల్దేరాను. బస్సు ఆలస్యమైంది. ఫెరార్గంజ్‌లో దిగి ఇంకో బండి పట్టుకుని తుష్నాబాద్ చేరేసరికి చర్చిలో ఆరాధన అయిపోవస్తోంది. మా వాళ్లు ఆరోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నమంతా చర్చిలో కూర్చుంటారు. సిలువ మీద ప్రభువు పలికిన మాటల మీద ఒక్కొక్కరు ప్రసంగిస్తారు. బయటికొచ్చి ఇంటికెళ్లి నీళ్లు తాగి ఉపవాసం విడుస్తారు.

అక్క ఇంటి దారిలో నాలా దాటాలి. ఏప్రిల్‌లో ఆ నాలా ఎండి ఉండాలి. నీళ్లు పారుతున్నాయి. గట్టున గడ్డి కూడా పచ్చబడింది. నిలబడిపోయాను. వంగి చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా తగిలింది. చేతిలో సంచీతో ఆ గట్టు మీదే నిలబడి బూతులు తిట్టాను. మంచి దినమని కూడా చూడలేదు.

నేను నూతి దగ్గరికి పరిగెత్తేసరికి చర్చి నుంచి వచ్చినవాళ్లు అక్కడ గుమిగూడి ఉన్నారు. తెల్లచీరలు, ఎండిపోయిన పెదాలు. వెదురు తీసి బాల్చీ వేశారు. బాల్చీలో వచ్చింది బురద.

అప్పటికి వారం నుంచి సాయంత్రాలు నీళ్లు తగ్గుతూ వస్తున్నాయట. ఎవరో మధ్యాహ్నం దొంగతనంగా తోడుకుంటున్నారని ఒకరి మీద ఒకరు కన్నేశారు. నోళ్లు లేచాయి. మా అక్క అనుమానం పక్కింటి పద్మ మీద. పద్మకి చంటిబిడ్డ. గుడ్డలు ఎక్కువ ఉతుకుతుంది.

"సెప్పవే!" అని అక్క ఆ పిల్ల మీదికి వెళ్తోంది. "మేమంతా గుడిలో కూకుంటే నూతి మీద సెయ్యేసినావు గదా! నీ గుడ్డల కోసం ఊరంతటి గొంతెండబెడతావా?"

"నీ ఒట్టు మరియమ్మ దీదీ, నాను ముట్టలేదు! నా బిడ్డ మీద ఒట్టు!" పద్మ ఏడుస్తోంది. చంకలో బిడ్డ ఏడుస్తోంది.

"అక్కా, ఆగు" అన్నాను. "పద్మ కాదు. ఆ ఇల్లు తోడుతోంది."

"ఇల్లేటి, తోడడమేటి? నీకు ఎండదెబ్బ తగిలిందేటిరా?"

నూతి గోడ పక్కన మట్టి కాలితో తవ్వి గొట్టం చూపించాను. వంగి దాని మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. నూతి అడుగున మిగిలిన నీళ్లు లోపల కొట్టుకుంటూ పోతున్నాయి. అక్క లేచి పద్మ వైపు చూసింది, తల దించుకుంది. అనకూడని మాట అనేశానని ఆమె మొహం చూస్తే తెలిసింది.

నేను నేరుగా అప్పలరాజు గారింట్లోకి వెళ్లాను. చెప్పులు కూడా విప్పలేదు. గడపలోనే చల్లదనం మొహానికి తగిలింది. ఇంటి నిండా చుట్టాలున్నారు. గోడ మీద గడియారం చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఆయన సోఫాలో కూర్చుని నన్ను చూసి నవ్వాడు.

"రా శామ్యూల్! సూసినావా, ఎంత బాగా సల్లబడ్డాదో!"

"మోటారు ఆపండి."

"ఏటి?"

"మోటారు ఆపండి సార్. నూతిలో నీళ్లయిపోయాయి. బయట జనం బురద తోడుకుంటున్నారు."

ఆయన మొహం ముడుచుకుంది. "నూతి నాది. ఆళ్లకి ఎప్పుడైనా వొద్దన్నానా? కాసేపుంటే నీళ్లొస్తాయి. నువ్వు మీ మేనేజరు కింద మనిషివి, ఆయన్నడిగి మాటాడు."

నా గొంతు పెరిగింది. చుట్టాలు లేచి నిలబడ్డారు. అంతలో నాకు ఆయన ఓడ గుర్తొచ్చింది.

"సార్, మీ ఓడలో తాగే నీళ్ల ట్యాంకు ఉంటుంది కదా?"

"ఉంటాది."

"నడిసముద్రంలో ఎవడైనా ఆ తాగే నీళ్లు తోడి ఇంజిన్ చల్లబరిచి ఓవర్‌బోర్డ్ సముద్రంలోకి వదిలేస్తే మీరేం చేస్తారు?"

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. మోటారు స్విచ్చి ఆయనే ఆపాడు. తిరిగొచ్చి చుట్టాలెవరినీ చూడకుండా, "నాకెందుకు తట్టలేదు శామ్యూల్? నాకెందుకు తట్టలేదు?" అన్నాడు.

నాకు ఆయన మీద జాలేసింది. కానీ కోపం తగ్గలేదు. అన్నీ తెలిసిన మనిషికి ఎందుకు తట్టలేదో ఇప్పటికీ ఆయన్నే అడగాలనిపిస్తుంది.

వానలొచ్చాక

ఆ సాయంత్రం నుంచి అప్పలరాజు గారు తన ట్యాంకులో నీళ్లు అందరికీ పంచాడు. మోటారు పీకించాడు. బక్షీ సాబ్‌కి నేనే ఫోన్ చేశాను. "కుఏ కా ప్రాబ్లమ్ లోకల్ ప్రాబ్లమ్ హై, హమారా సిస్టమ్ తో పర్ఫెక్ట్ చలా" అన్నాడు. నూతి సంగతి ఊరి సంగతట, సిస్టమ్ మాత్రం భేషుగ్గా నడిచిందట! ఫోన్ నేలకేసి కొట్టాను. కొన్నాళ్లకే ఆయన ఇంకో ఊరికి ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్లిపోయాడు. ఆ ఇంటి ఫొటో ఆయన ఇప్పటికీ మీటింగుల్లో చూపిస్తుంటాడని విన్నాను.

నూతిలోకి నీళ్లు తిరిగొచ్చాయి. కానీ ఉప్పగా వచ్చాయి. సునామీ తర్వాత మా వైపు నేల దిగి క్రీకు నీళ్లు పొలాల దాకా వచ్చేశాయి. మంచినీటి ఊట పైన ఉండి ఆ ఉప్పుని ఇన్నాళ్లూ అవతలికి నెట్టి ఉంచింది. మంచినీళ్లు తోడేస్తే ఆ చోటులోకి ఉప్పు వస్తుంది. వారంపాటు మధ్యాహ్నాలు ఒక ఇల్లు చల్లబడింది. అంతకే వచ్చేసింది. వానలొస్తే కడుక్కుపోతుందిలే అనుకున్నాం. వానలొచ్చాయి, నుయ్యి నిండింది, పైన నాలుగు బాల్చీలు తియ్యగా ఉండేవి, కింద మళ్లీ ఉప్పే. మరుసటేడు ఎండలకి పైది కూడా పోయింది.

పద్మ వాళ్లు బిడ్డ కోసం ఫెరార్గంజ్ వెళ్లిపోయారు. అక్క వాళ్లింటికి రెండుసార్లు వెళ్లి మాట్లాడొచ్చింది. పద్మ కుర్చీ వేసింది, మర్యాదగానే మాట్లాడింది. మళ్లీ మా అక్క గుమ్మం మాత్రం తొక్కలేదు. అప్పలరాజు గారు మామూలు ఏసీలు పెట్టుకున్నాడు. అవి తుప్పు పట్టి గడగడలాడుతుంటాయి. అక్క మాత్రం కదల్లేదు. నాన్న తవ్విన నుయ్యి వదిలి ఎక్కడికీ రానంది. తాగడానికి పంచాయతీ ట్యాంకరు వచ్చిన రోజు పట్టుకుంటుంది. రాని రోజు ఉన్నదాంతో సర్దుకుంటుంది.

కాబట్టి ఏ లూపు మంచిదని నన్నడక్కండి. బీటలిచ్చే మట్టిలో అడ్డం లూపు వద్దు. ముద్ద లేకుండా నిలువు లూపు వద్దు. ఎండే కుంటలో చెరువు లూపు వద్దు. నూతిలో గొట్టం దింపే ముందు ఆ నూతి నీళ్లు ఎవరు తాగుతారో, ఎప్పుడు తోడుకుంటారో వాళ్లింటికెళ్లి అడగండి. అడగడానికి టైం లేదన్న మేనేజరు దగ్గర పని మానెయ్యండి. నేను రిటైరయ్యేదాకా ప్రతి సైటులో ఈ మాటే అరుస్తూ వచ్చాను. నన్ను పిచ్చి శామ్యూల్ అన్నారు. అననీ.

రిటైరయ్యాక ఒక ఏప్రిల్‌లో అక్క ఇంటికి వెళ్లాను. ట్యాంకరు రాని వారం. నన్ను చూడగానే పొయ్యి మీద టీకి నూతి నీళ్లే పడేసింది, పాలు పోసింది. పాలు విరిగిపోయాయి. గిన్నె దించి పారబోసి, ఇంకోసారి పెట్టింది. మళ్లీ విరిగాయి. నేను వద్దక్కా అన్నాను. వినలేదు. మూడోసారి గిన్నె కడిగి, మిగిలిన పాలు ఒక్క చుక్క నీళ్లు కలపకుండా కాచి, గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పాలే తాగరా తమ్ముడూ" అంది. "నా ఇంట్లో ఇంక టీ కాయడం అవ్వదు."